వనభోజనానికి బండి మీదే వస్తాం



పోస్టు కాస్త పొడుగు. టీ పెట్టుకుని కూర్చోండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, చదవకుండా మాత్రం దండం బొమ్మ పెట్టి పోవద్దు.

కార్తీక వనభోజనాల కమిటీ వారు మొన్న శుక్రవారం గ్రూపులో పెట్టిన కబురు అందరూ చూసే ఉంటారు. చిక్కబళ్లాపురం దాటాక మామిడితోట, పొద్దున ఎనిమిదింటికి ఉసిరిచెట్టు కింద పూజ, పన్నెండున్నరకు భోజనం, పిల్లలకు ఆటలు. అంతా బాగుంది. చివర ఆరో పాయింటు దగ్గరే మా గొంతులో ముద్ద అడ్డం పడింది. "సభ్యులు సంఘం బస్సులో గానీ సొంత కార్లలో గానీ రావలెను. ద్విచక్ర వాహనములకు తోటలో ప్రవేశము లేదు." ఎందుకండీ అని ఫోన్ చేసి అడిగితే కమిటీలో ఒక పెద్దాయన చెప్పిన కారణాలు రెండు: "భద్రత ఒకటి, సంఘం పరువు ఒకటి నాయనా."

ఈ రెండింటి గురించే ఈ పోస్టు.

మేమెవరో తెలియని కొత్త సభ్యుల కోసం చెబుతాం. నెలకో ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే హెబ్బాళ వంతెన అవతల పెట్రోలు బంకు దగ్గర కలుసుకుని బయల్దేరే పద్నాలుగు మందిమి. బ్యాంకులో రిటైరై అరవై నాలుగో ఏట కూడా పాత బుల్లెట్టును ఒక్క కిక్కుతో లేపే మామయ్య గారు మాలో ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే ఎలక్ట్రిక్ స్కూటరు మీద వచ్చే నర్సక్క ఉంది. పెద్ద బర్గ్‌మన్ స్కూటరు మీద భార్యను వెనక కూర్చోబెట్టుకుని, సీటు కింద పులిహోర డబ్బా పెట్టుకుని వచ్చే లెక్కల మాస్టారున్నారు. సాఫ్ట్‌వేరు పిల్లలున్నారు. వంటల కాంట్రాక్టు చేసే తమ్ముడున్నాడు, మీలో చాలామంది గృహప్రవేశాలకు గుత్తివంకాయ వండింది అతనే. మీకు తెలియని రౌడీలెవరూ లేరు.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. పోయినేడాది వనభోజనంలో సత్యనారాయణ వ్రతకథ నడుస్తుండగా మాలో ఇద్దరు, సైలెన్సర్లు మార్చిన బండ్ల మీద, టపాకాయల దండ పేలినట్టు లోపలికి వచ్చారు. అయ్యవారు కథ ఆపేశారు. ఒళ్లో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. అది పొరపాటు కూడా కాదు, పొగరు. ఆ ఇద్దరి తరఫునా అందరికీ క్షమాపణ. ఆ రెండు సైలెన్సర్లనూ మర్నాటి వారమే జేసీ రోడ్డులో విప్పించి, కంపెనీవి వేయించాం. మళ్లీ మార్చినవాడు మాతో రాడు. ఇందులో వాదన లేదు.

కానీ ఇద్దరు చేసిన అల్లరికి రెండు చక్రాలనే వెలివేయడం ఏం న్యాయం? పోయిన ఉగాదికి ఫంక్షన్ హాలు గేటుకు అడ్డంగా కారు పెట్టేసి, ఫోన్ ఎత్తకుండా లోపల పచ్చడి తింటూ కూర్చున్న మహానుభావుడి వల్ల అంబులెన్సు పది నిమిషాలు ఆగింది. కార్లు రావద్దని ఎవరైనా పాయింటు రాశారా?

ఇక పరువు సంగతి.

మనలో సగం మంది నాన్నలు అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, కర్నూలు నుంచో ఒక ట్రంకుపెట్టెతో దిగి హెచ్‌ఏఎల్‌లో, ఐటీఐలో, బీఈఎల్‌లో, హెచ్‌ఎంటీలో చేరినవాళ్లు. ఆ ఇళ్లలోకి వచ్చిన మొదటి వాహనం ఏది? చాలా ఇళ్లలో బజాజ్ చేతక్. డబ్బు కట్టి ఏళ్లకు ఏళ్లు ఎదురు చూస్తే వచ్చేది. వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధంతా స్వీట్లు పంచారు. పొద్దున స్టార్టు కాకపోతే నాన్న దాన్ని పక్కకు ఒరగబెట్టి, మళ్లీ నిలబెట్టి, కిక్కు కొట్టేవాడు. ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్నది మనమే. వెనక అమ్మ, అమ్మ ఒళ్లో చెల్లెలు, స్టెప్నీ మీద కూరల సంచి. ఆ బండి మీద బడికి పోయి, ఆ బండి మీద కాలేజీ ఫీజు కట్టించుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, కార్లు కొన్నాం. ఇప్పుడు అదే జాతి బండి తోటలోకి వస్తే సంఘం పరువు పోతుందట. పరువు మనకు ఏ బండి మీద వచ్చిందో మరిచిపోయామా?

కన్నడ నేల మీద బతుకుతున్నాం కాబట్టి ఈ నేల సంగతీ ఒకటి చెప్పాలి. రుస్తుం ఇరానీ, ఫారూఖ్ ఇరానీ కలిసి 1960లో ఐడియల్ జావా పెట్టింది మనకు మూడు గంటల దూరంలో, మైసూరు యాదవగిరిలో. దాన్ని ప్రారంభించింది అప్పటి మైసూరు గవర్నరుగా ఉన్న జయచామరాజేంద్ర ఒడెయరు. స్పేరుపార్టుల కోసం మేం పడిగాపులు పడే జేసీ రోడ్డుకున్నది ఆయన పేరే. ఆ ఫ్యాక్టరీ బండ్లు మొదట జావా, తర్వాత యెజ్డీ. టూ స్ట్రోకు ఇంజను, ఒక్క సిలిండరుకు రెండు పొగగొట్టాలు, కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీ. ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఏళ్లు గడిచినా ఏటా జూలై రెండో ఆదివారం జావా దినం పేరుతో ఈ ఊళ్లో ఆ పాత బండ్లు పొగలు కక్కుతూ రోడ్డెక్కుతాయి. మూతపడ్డ ఫ్యాక్టరీ బండికి పుట్టినరోజు చేసే ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో ఉంటూ బండి పరువు తక్కువ అనడానికి మనకు నోరెలా వచ్చింది?

పరువు తక్కువ అన్న మాట మన సంఘంలో ఆగలేదు, పైదాకా పాకింది. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, స్కూటర్లు రాకూడదు. ట్రాక్టర్లు, ఆటోలు ఉన్న జాబితాలోనే మమ్మల్నీ చేర్చి సర్వీసు రోడ్డుకు దించారు. వేగాల్లో తేడా ప్రమాదమన్నారు. యాభై దాటని బండి విషయంలో అది నిజమే, ఒప్పుకుంటాం. 650 సీసీ బండికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? మైసూరులో పుట్టిన యెజ్డీ ఇప్పుడు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కలేదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది కదా, 350 సీసీ వరకు బండ్లకు 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, సంతోషం. అంతకు మించితే 40 శాతం, అంటే విలాస వస్తువు. మూడు నాలుగు లక్షల బండి విలాసం, అంతకు రెట్టింపు పెట్టి కొన్న చిన్న కారు 18 శాతంలో అవసరం. ఢిల్లీ వాళ్ల దృష్టిలో పెద్ద బండి విలాసం, మన కమిటీ దృష్టిలో ఏ బండైనా లేనితనం. మేం ఎవరి లెక్కలో ఉండాలో మీరే తేల్చండి.

"అసలు కారు ఇంట్లో పెట్టుకుని ఈ బండి పిచ్చేంటి?" అని మా ఇళ్లలోనే అడుగుతారు. సుఖం కోసం. సిగ్గులేకుండా చెబుతున్నాం, సుఖం కోసమే.

లేపాక్షి దారి తీసుకోండి. ఈ ఊరి నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. మీరందరూ కార్లలో పోయారు, ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని, పాటలు పెట్టుకుని. దారి చూశారు, అంతే. మాకు దారి ఒంటికి తగులుతుంది. దేవనహళ్లి దాటాక చలి ఒక మెట్టు దిగుతుంది. ఎడమచేతి వైపు నంది కొండ మబ్బు కప్పుకుని ఉంటుంది. చెరువు కట్ట పక్కన పోతుంటే కనీసం చూడకుండానే నీళ్లున్నాయని మోకాళ్లకు తెలుస్తుంది, గాలి అక్కడ అంత చల్లగా ఉంటుంది. చిక్కబళ్లాపురం దగ్గర ద్రాక్షతోటల్లో మందు కొట్టిన వాసన, ముందు రాత్రి వాన పడి ఉంటే ఎర్రమట్టి వాసన, ఊళ్లలో కట్టెల పొయ్యి పొగ. బాగేపల్లిలో టీకి ఆగితే బోర్డులు కన్నడం, మాటలు తెలుగు. "యాడికి పోతాండారు సార్ ఇంత పొద్దున్నే?" అని హోటలాయన అడిగితే సగం ఊరికి చేరినట్టే. బండి ఆపితే జనం వచ్చి మాట్లాడతారు. ఎన్ని సీసీ, ఎంత మైలేజీ, ఎంతకు కొన్నావు, పెళ్లయిందా? కారు ఆగితే ఎవరొస్తారు, దారి అడగాలన్నా అద్దం దించాలి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే అక్కడి నుంచి రోడ్డు మనది, ఊరు మనది. ఏకశిల నందీశ్వరుడి ముందు హెల్మెట్లు విప్పి, ఒంటి మీద దుమ్ముతో నిలబడితే, నడిచొచ్చిన యాత్రికుడికి ఉండే పుణ్యంలో పావలా వంతైనా మాకు దక్కినట్టే ఉంటుంది.

మలుపుల సుఖం వేరే. కొండ మలుపులో బండిని చేతులతో తిప్పం, ఒంటితో ఒరుగుతాం. చూపు ఎటు పెడితే బండి అటు పోతుంది. గుంత వైపు చూస్తే గుంతలోకే తీసుకుపోతుంది. అందుకే ఆ కాసేపు ఆఫీసు గుర్తుండదు, ఈఎంఐ గుర్తుండదు, ఫోన్ మోగినా వినపడదు. వారమంతా సిల్కుబోర్డు జంక్షన్లో నలిగిపోయిన బుర్రకు అంతకంటే మందు మాకు దొరకలేదు.

పెద్ద స్కూటరుది ఇంకో రకం సుఖం. నడుము నొప్పి ఉన్న మాస్టారిని అడగండి. కాళ్లు ముందుకు చాపుకోవచ్చు, సీటు సోఫాలా ఉంటుంది, గేర్లు లేవు, క్లచ్చి లేదు, ముందు అద్దం గాలిని ఆపుతుంది, వెనక కూర్చున్న ఆవిడకు ఆనుకునే చోటుంటుంది. నర్సక్కది ఇదే ఊళ్లో పుట్టిన కంపెనీ చేసిన ఎలక్ట్రిక్ బండి. ఇంజను మోత ఉండదు కాబట్టి తెల్లవారుజామున నంది కొండ కింద పిట్టల కూతలు వినబడతాయంటుంది. మామయ్య గారు ఒప్పుకోరు. ఆయనకు సుఖం స్టార్టు చేయడంలోనే ఉంది. డీకంప్రెసర్ మీట పట్టుకుని, కిక్కు మెల్లగా నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, అప్పుడు ఒక్క దెబ్బ. లేచిందా, ఆ రోజు బీపీ మాత్ర అక్కర్లేదంటారు. (మాత్ర వేసుకుంటూనే ఉన్నారు, అత్తయ్య గారూ కంగారు పడకండి.)

బండి ఉండటం కూడా సుఖమే. ఆదివారం మధ్యాహ్నం పాత బనీను గుడ్డతో తుడవడం, గొలుసుకు నూనె వేయడం, ఇంజను చప్పుడు విని "వాల్వు కాస్త బిగించాలి" అనుకోవడం. మన చేత్తో బాగు చేసుకోగలిగిన యంత్రం ఇంట్లో ఇంకేముంది చెప్పండి? మొన్న ఆయుధపూజకు మన అపార్టుమెంట్లన్నిటిలో కార్లకూ బండ్లకూ కలిపే అరటి పిలకలు కట్టాం, ఒకే బూడిదగుమ్మడికాయ తిప్పి కొట్టాం. అమ్మవారు ఆరో పాయింటు పెట్టలేదు.

ఇక భద్రత. దీని గురించి నవ్వుతూ రాయలేం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేకుండా ఉండి పోయినవాళ్లు 50,029 మంది. ఇవి ప్రభుత్వం వేసిన లెక్కలు. మాకు వీటిలో ఒక మొహం తెలుసు. మాలో ఒకరి తమ్ముడు. ఇరవై ఆరేళ్లు. రాత్రి హోసూరు రోడ్డు మీద నుంచి ఇంటికి వస్తూ పోయాడు. హెల్మెట్ ఉంది, మంచిదే, ఖరీదైనదే. మోచేతికి తగిలించి ఉంది. దానికి గీత కూడా పడలేదు. ఆ హెల్మెట్ ఇప్పటికీ వాళ్లింట్లో బీరువా మీద ఉంది. వాళ్లమ్మ దుమ్ము తుడుస్తుంది, తీయనివ్వదు. అతని అన్న ఇప్పటికీ మాతో వస్తాడు, వరసలో అందరికంటే చివర ఉంటాడు, ఎవరి పట్టీ వదులుగా ఉందో చూసి ఆపి బిగిస్తాడు. అందుకని మాకు ప్రాణం విలువ తెలియదనే మాట దయచేసి ఎవరూ అనొద్దు.

బండి ప్రమాదకరమైనదే. కారు కంటే చాలా ఎక్కువ. ఆ మాట మేం దాచం. కానీ కమిటీకి నిజంగా భద్రతే కావాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రతి ఉగాదికి, ప్రతి సంక్రాంతికి మన ఫంక్షన్ హాలుకు ఒక్కో స్కూటరు మీద నలుగురేసి వస్తారు. పట్టుచీరలు, పూలు, ముందు నిలబెట్టిన పిల్లాడు, ఒక్కరికీ హెల్మెట్ ఉండదు. కర్ణాటకలో వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి అయ్యింది 2016లోనే. నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, కట్టే పట్టీ ఉండాలని, వేగం నలభై దాటకూడదని 2023లో నిబంధన వచ్చింది. గేటు దగ్గర నిలబడి పన్నీరు చల్లే మనం ఎప్పుడైనా ఒక్కరిని అడిగామా? అప్పుడు గుర్తురాని భద్రత, తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు వేసుకుని పొద్దున్నే నిదానంగా వరసలో వచ్చే మమ్మల్ని చూస్తేనే ఎందుకు గుర్తొచ్చింది? అవసరం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటే "పాపం" అంటాం, ఇష్టం కోసం జాగ్రత్తగా నడిపితే "పొగరు" అంటాం. కమిటీకి నచ్చనిది బండి కాదేమో, ఈ వయసులో మేం సంతోషంగా ఉండటమేమో అని అనుమానంగా ఉంది.

ఆడవాళ్ల సంగతి కమిటీ ఆలోచించినట్టు లేదు. చాలా ఇళ్లలో కారు తాళం ఒకరి జేబులో ఉంటుంది. ఆయనకు పని ఉంటే ఇంటిల్లిపాదీ ప్రయాణం మానుకోవాలి. స్కూటరు తాళం మాత్రం ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. నర్సక్క భర్త పోయి ఆరేళ్లు. బస్సు ఎక్కాలంటే నైట్ డ్యూటీ దిగేసరికి అది వెళ్లిపోతుంది. "ఎవరి కార్లోనైనా సర్దుకోమ్మా" అన్నారట. ఆరేళ్లుగా ఎవరినీ లిఫ్టు అడగకుండా బతికిన మనిషిని వనభోజనానికి అడుక్కోమంటారా? ఈ ఊరి మాటలోనే చెప్పాలంటే, స్వల్ప అడ్జస్ట్ మాడి అనేది ఎప్పుడూ ఆమెకేనా?

బుల్లెట్టు బండి పాట వచ్చిన 2021లో మన పెళ్లిళ్లలో ఎంతమంది పెళ్లికూతుళ్లు దానికి ఆడారో, ఎంతమంది పెద్దలు చప్పట్లు కొట్టారో మనకు తెలుసు. ఆ పెళ్లికొడుకుల్లో ఒకడు నిజంగా బుల్లెట్టు మీద పెళ్లిచూపులకు వస్తే మాత్రం "కారు లేదేమో, ఎంక్వైరీ చేయండి" అంటాం. మన తీరు ఇలా ఉంది.

అందుకని మేం అడిగేది చెబుతాం. వచ్చే ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు ఆరో పాయింటు తీసేయండి. దాని చోట ఇది రాయండి: బండి మీద వచ్చేవాళ్లు ముందూ వెనకా ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి, సైలెన్సరు కంపెనీదే ఉండాలి, గేటు దగ్గర ఇంజను ఆపి లోపలికి తోసుకుని రావాలి. ఈ షరతు తప్పినవాణ్ని మేమే వెనక్కి పంపుతాం. తోటలో రెండు కార్లు పట్టే చోటు ఇస్తే మా బండ్లన్నీ పడతాయి. ఉగాదికి ఫంక్షన్ హాలు గేటు దగ్గర కూడా ఇదే హెల్మెట్ నియమం పెట్టండి, నిలబడి అడగడానికి మా వాళ్లు వస్తారు. మొదట అడిగేది ఆ తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్న. బదులుగా వనభోజనం రోజు వడ్డన మొత్తం మాది. ఏడున్నరకే వచ్చి విస్తళ్లు కడుగుతాం, చివరి పంక్తి లేచేదాకా మేం కూర్చోం.

సభ్యులు అవునో కాదో కింద రాయండి. కాదంటే కారణం కూడా రాయండి, జవాబు చెబుతాం.

కమిటీ వినకపోతే? గొడవ చేయం, సంఘం చీల్చం. ఆ రోజూ హెబ్బాళ దగ్గరే కలుసుకుంటాం, పద్నాలుగు మందీ వస్తాం. తోట గేటు బయట రోడ్డు పక్కన చింతచెట్టు కింద బండ్లు ఆపి, హెల్మెట్లు చేత్తో పట్టుకుని నడిచి లోపలికి వస్తాం. ఉసిరిచెట్టుకు దండం పెట్టుకుని పంక్తిలో కూర్చుంటాం. మా ముందు విస్తరి వేయకుండా దాటిపోగల మనిషి మన సంఘంలో ఎవరున్నారో ఆ రోజు చూద్దాం. ఉన్నారని మేం అనుకోవడం లేదు.